దొరువు నీళ్ళ ఇల్లు

మా నాయన ఏ ఊరు పోయినా ముందు ఆ ఊరి నీళ్ళు పుక్కిట పట్టి చూసేవాడు. దాహమై కాదు. చెంబెత్తి నోట్లో పోసుకుని, ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు తిప్పి, కళ్ళు మూసుకుని, అప్పుడు మింగేవాడు. మింగాకే మాట. చుట్టాలింటికి పోయినా అంతే, పెళ్ళిచూపులకు పోయినా అంతే. మా మేనత్తకు నిక్షేపం లాంటి సంబంధం ఒకటి ఆ పుక్కిలింత వల్లే తప్పిపోయిందని మా అవ్వ పోయేదాకా దెప్పుతూనే ఉంది.

మాది కనిగిరి పక్కన పల్లె. ఆ వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బావిలో నీళ్ళు ఉన్నా కష్టమే, లేకపోయినా కష్టమే. ఉన్న నీళ్ళ నిండా ఫ్లోరైడు. మా నాయన పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. వేపపుల్లతో తోమినా, బొగ్గుపొడి పెట్టి రుద్దినా పోయేవి కావు. యాభై నిండకుండానే నడుం వంగి కర్ర పట్టిన మనుషులు మా వీధిలోనే నలుగురు. నాయన బళ్ళో సైన్సు అయ్యవారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముకల్లో చేరుతుందని బోర్డు మీద రాసి చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ నీళ్ళే తాగే మనిషి. ఫ్లోరైడు నాలుకకు తెలియదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా పుక్కిట పట్టేవాడు.

1986 వేసవి. తమ్ముడికి మూడో ఏడు నడుస్తోంది, తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాలి. మా అవ్వ దానికొక మెలిక పెట్టింది. "ఎట్టాగూ ఆ దోవనే గదరా పొయ్యేది, వైశాఖ పున్నమికి నన్ను సముద్రంలో ఒక్క మునక ముంచండి. ఈ కట్టె కాలేలోపల ఆ నీళ్ళు చూడనీండి" అంది. అరవై దాటిన మనిషి, పూట ప్రయాణం దూరంలో సముద్రాన్ని పెట్టుకుని ఎన్నడూ చూడలేదు. మా అమ్మా చూడలేదు. నాయన మాత్రం టీచరు ట్రైనింగులో ఉండగా ఒంగోలు నుంచి సైకిలు మీద కొత్తపట్నం పోయి చూసొచ్చాడంట. ఏం చూశావు నాయనా అంటే "అన్ని నీళ్ళు, ఒక్క గుక్క పనికిరావు" అనేవాడు.

సరే, రెండు రాత్రులు సముద్రం దగ్గర, ఆ తర్వాత నెల్లూరు, గూడూరు మీదుగా తిరుపతి అని ఖాయమైంది. ఇక ఉండేది యాడ? దాని మీద మా ఇంట్లో నెల రోజులు పంచాయితీ జరిగింది. ఇప్పుడు ఫోనులో రూములు తిప్పుకుంటూ కొట్టుకుంటున్నాం గానీ, అప్పుడూ కొట్టుకోకుండా ఏం లేము. బొమ్మలు లేవంతే.

మా చిన్నాయన కావలిలో గుడ్డల కొట్లో గుమస్తా. బస్టాండు పక్కనే ఫ్యానున్న రూములుండే లాడ్జి ఉందని, సముద్రానికి పొద్దున పోయి సాయంత్రం రావచ్చని కార్డు రాశాడు. అమ్మకు లాడ్జి నచ్చింది. ఆమెకు కావాల్సింది ఒకటే: స్నానాల గదికి తలుపూ, తలుపుకు గడియా. అవ్వకు లాడ్జి అంటేనే రోత. "ఎవురెవురో పడుకున్న మంచం" అని మూతి తిప్పేది. నాయన ఒక సర్కారు బంగళాకు అర్జీ పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి మరీ పెట్టాడు. ఆ తేదీల్లో ఎవరో ఆఫీసరు వస్తున్నాడని జవాబొచ్చింది. వచ్చాడో రాలేదో దేవుడికెరుక. నాకూ, మా చిన్నాయన కొడుకుకూ మాత్రం వేరే ఆశ ఉంది. రామాయపట్నంలో దొరల కాలం బంగళాలు పాడుబడి ఉన్నాయనీ, వాటిలో రాత్రిపూట పియానో వినపడుతుందనీ వాడు బళ్ళో విని వచ్చి నాకు చెప్పాడు. రాత్రికి అక్కడే పడుకోవాలని మేమిద్దరం ఒట్టేసుకున్నాం.

కందుకూరులో బస్సు మారి, మిట్టమధ్యాహ్నం కావలిలో దిగాం. అవ్వ చేతిలో పొంగలి తపేలా, అమ్మ చంకలో తమ్ముడు, నాయన భుజాన హోల్డాలు. చిన్నాయన ఎదురొచ్చి గర్వంగా లాడ్జికి తీసుకుపోయాడు. రూములో ఫ్యానుంది, నిజమే. తిరిగితే గోడకు తగులుకున్నంత చప్పుడు. కిటికీ తీస్తే బస్సుల పొగ లోపలికి, మూస్తే మన పొగ మనకే. నాయన ఏమీ అనకుండా కుళాయి తిప్పి చెంబు పట్టాడు. పుక్కిట పట్టాడు. మేమందరం ఆయన బుగ్గల వంకే చూస్తున్నాం. కిటికీ దగ్గరికి పోయి ఉమ్మేశాడు. కింద ఎవరో తిట్టారు.

"ఇనప తుప్పు" అన్నాడు.

చిన్నాయన మొహం చిన్నబోయింది. "అన్నా, ఇరవై రూపాయలు అడ్వాన్సిచ్చినా" అన్నాడు మెల్లిగా. ఆ ఇరవై తిరిగి రాలేదు. మా చిన్నాయన ఆ మాట ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎత్తుతూనే ఉన్నాడు. ఇంట్లో పెళ్ళయినా పేరంటమైనా, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చినప్పుడల్లా "ఇరవై రూపాయల నీళ్ళు" అని నవ్వేవాడు.

మళ్ళీ వెనక్కి టెట్టు దాకా బస్సు, అక్కణ్ణించి ఒంటెద్దు బండి. రైలు పట్టాలు దాటి సముద్రం వైపు పోతుంటే మధ్యలో కాలువ అడ్డం వచ్చింది. బకింగ్‌హాం కాలువ. నీళ్ళు పల్చగా, అంచుల్లో తెల్లటి ఉప్పు చారలు. ఒకప్పుడు ఈ కాలువలో మద్రాసుకు ఉప్పూ బియ్యమూ కట్టెలూ పడవల మీద పోయేవని నాయన చెప్పాడు. బండి వంతెన మీద ఉండగానే చెప్పటం మొదలుపెట్టి, దిగాక కూడా ఆపలేదు. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, జనం ఆకలికి రాలిపోతుంటే ఒంగోలు మిషన్ క్లౌ దొర ఈ కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, వచ్చినవాళ్ళకు పనీ కూలీ ఇచ్చాడంట. "మీరు చూస్తున్న ఈ కట్ట కరువు జనం గంపల్తో మోసిన మట్టి" అన్నాడు. అవ్వ ఆ కట్ట వంక చూసి చేతులు జోడించింది. వాళ్ళమ్మ చెప్పిన ధాత కరువు కథలు ఆమెకు గుర్తొచ్చి ఉండాలి. బండి తోలేవాడు బీడీ ఆర్పేశాడు.

రామాయపట్నం చేరేసరికి ఎండ తిరిగింది. దొరల బంగళాలు చూడనే చూశాం. అమెరికా బాప్టిస్టు మిషన్ వాళ్ళు 1870లలోనే అక్కడ పాస్టర్లను తయారుచేసే బడి పెట్టారు. వేసవిలో చల్లగా ఉంటుందని ఊళ్ళల్లోని దొరలూ దొరసానులూ అక్కడికే వచ్చేవాళ్ళంట. మేం పోయిన బంగళాకు పైకప్పు లేదు. మోకాలెత్తు గడప, నా రెండు చేతులు చాపినా అందనంత మందం గోడ, గోడ చీలికలో రావిమొక్క. ఒక గదిలో మాత్రం సగం కప్పు నిలబడి ఉంది. అక్కడుండే కాపలా మనిషి "రాత్రికి పడుకుంటానంటే చాపలిస్తా అయ్యగారూ" అన్నాడు. నేనూ మా వాడూ చేతులు పట్టుకున్నాం. పియానో! నాయన "నీళ్ళు?" అని అడిగాడు. "ఊళ్ళోంచి తెచ్చుకోవాల" అన్నాడు అతను. అయిపోయింది. పియానో అక్కడితో మూతబడింది.

ఆ కాపలా మనిషే చెప్పాడు, ఊరి చివర ఉప్పు కాంట్రాక్టరు పెద్దాయన ఇల్లుందని, ఆయన పోయి రెండేళ్ళయిందని, పెద్దమ్మ ఒక్కతే ఉంటుందని, వసారా పక్క గదులు అడిగితే ఇస్తుందని.

ఆ ఇల్లు నా కళ్ళకు ఇప్పటికీ కట్టినట్టుంది. ఇసక దిబ్బకు ఇవతల, తాడిచెట్ల వరసకు వెనకాల, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నట్టు ఉండేది. పెంకుటిల్లు. తూర్పు వైపు చూరు ఎంత కిందికి దిగి ఉందంటే మా అమ్మ కూడా తలొంచుకుని లోపలికి పోవాలి. గోడలు నడుం ఎత్తు దాకా సున్నం ఊడి, లోపలి ఇటుక పొడిపొడిగా రాలుతూ ఉంది. వేలు తడిపి గోడకు రాసి నాకితే ఉప్పగా ఉంది. మేమిద్దరం ఆ గోడ తగినంత నాకాం. మా అమ్మ ముందు వెతికింది గడియ. స్నానాల గది తలుపుకు ఇనుము ఒక్క ముక్క లేదు. తాడిచెక్కతో చేసిన గడె, తాడిచెక్కలోనే తొలిచిన బెజ్జం. "ఈడ ఇనప మేకు రెండేళ్ళు నిలవదు తల్లీ, ఉప్పుగాలి తింటది. కట్టెనైతే ఏం చెయ్యలేదు" అంది పెద్దమ్మ. అమ్మ ఆ గడె వేసి, తీసి, మళ్ళీ వేసి చూసి, తలూపింది.

మా వాడు ఇల్లంతా తిరిగొచ్చి "యాణ్ణించి చూసినా సముద్రం కనపడ్డం ల్యా" అని ఏడుపు మొహం పెట్టాడు. నిజమే. కిటికీలోంచి దిబ్బే కనపడుతుంది. చప్పుడు మాత్రం వస్తోంది. ఎవరో పెద్ద చేటతో వడ్లు చెరుగుతున్నట్టు, ఆగి ఆగి. పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "సముద్రాన్ని ఇంట్లో కూచుని చూస్తారంటరా అబ్బయ్యా? లేచి పోయి చూస్తారు గానీ. దానికి కనపడేటట్టు ఇల్లు కట్టుకుంటే అదొచ్చి మనల్ని చూస్తది."

అప్పుడు నాయన పెరట్లోకి పోయాడు.

బావి అంటే మాకు తెలిసింది ఇరవై మట్ల లోతు, గిలక, బొక్కెన, అడుగున నల్లటి గుండ్రం. అక్కడ అదేం లేదు. ఇసకలో వాలుగా తవ్విన గుంట. దిగటానికి మెట్లలాగా అడ్డం పరిచిన తాటి దూలాలు. ఒక మనిషి లోతులో, కొబ్బరిచిప్పలో పోసినట్టు, కొన్ని నీళ్ళు. అడుగున ఇసక రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దొరువు అంటారు. సముద్రం అక్కడికి రెండు వందల అడుగుల దూరం కూడా లేదు. నాయన దిగాడు. చెంబు ముంచబోతే పెద్దమ్మ పైనుంచి కేకేసింది: "కలక పెట్టబాకయ్యా! పైపైన తీసుకో!"

ఆయన పైపైన తీసుకున్నాడు. పుక్కిట పట్టాడు. ఈసారి చాలాసేపు పట్టాడు. మింగి, ఇంకో చెంబు ముంచుకుని తాగాడు. ఆ తర్వాత ఇంకోటి. అట్టాగే తాటి దూలం మీద చతికిలబడ్డాడు. పైకి చూసి "మేయ్, కొబ్బరినీళ్ళు" అన్నాడు మా అమ్మతో. మా నాయన గొంతు అట్టా పలకటం అంతకు ముందు నేను వినలేదు.

రాత్రి లాంతరు ముందు కూచోబెట్టి నాకు ఆ సంగతి బొమ్మ గీసి చెప్పాడు. ఇసకలో ఇంకిన వాననీళ్ళు కింద ఉండే ఉప్పునీళ్ళ కంటే తేలిక. అందుకని కలవకుండా, పాల మీద మీగడ తేలినట్టు తేలుతుంటాయి. దొరువు ఆ మీగడలోకి తవ్విన గుంట. లోతుకు పోకూడదు, ఆత్రంగా తోడకూడదు. తోడితే కింది ఉప్పు పైకి లేస్తుంది. తీసుకున్నంత తీసుకుని ఆగితే మళ్ళీ ఊరుతుంది. పొద్దున చూస్తే ఆ ఊరి ఆడవాళ్ళు దొరువు నీళ్ళే కడవలతో మోసి మిరపనారుకు పోస్తున్నారు. మోటారు అడిగితే నవ్వారు.

అప్పుడు నాకు అర్థం కాని ఇంకో సంగతి గాలి. ఆ గదికి తూర్పున కిటికీ, సరిగ్గా దానికెదురుగా పడమట కిటికీ ఉన్నాయి. మే నెలలో పొద్దునంతా పడమటి వడగాలి. పెద్దమ్మ పడమటి కిటికీ మూసి, తడిగుడ్డ వేలాడదీసింది. మధ్యాహ్నం ఒంటిగంటా రెండు మధ్యలో ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దం. తాటాకులు ఆగిపోయాయి. "తిరుగుతుండాది" అంది ఆమె. లేచి ఆ కిటికీ తీసి, తూర్పుదీ తీసింది. కాసేపటికి సముద్రం మీంచి గాలి దూరి, గది గుండా, వసారా గుండా, మా అవ్వ కొంగు ఎగరేసుకుంటూ పోయింది. ఫ్యాను లేదని అమ్మ ఆ తర్వాత ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు పున్నమి. తెల్లారకుండానే అవ్వను దిబ్బ ఎక్కించాం. దిబ్బ ఎక్కి నిలబడి ఆమె మొదట అన్న మాట "ఎవురికిరా ఇన్ని?" అని. నీళ్ళ గురించి. మా ఊళ్ళో రెండు బిందెల కోసం తెల్లవారుజామున వరసలో నిలబడ్డ మనిషి మరి. నాయన ఒక చెయ్యి, చిన్నాయన ఒక చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేయించారు. మూడో మునకకు అల వచ్చి ముగ్గుర్నీ కలిపి పడదోసింది. అవ్వ లేచి, ఇసక ఉమ్మేసి, "ఉప్పగుండాది" అంది చాలా ఆశ్చర్యంగా. అంతమంది చెప్పినా ఆమె నమ్మినట్టు లేదు.

ఆ సాయంత్రం చంద్రుడు సముద్రంలోంచి లేచాడు. మా తీరంలో సూర్యుడు సముద్రంలో మునగడు, కొండల వైపు పోయి మునుగుతాడు. సాయంత్రపు సముద్రానికి ఏదన్నా అందం ఉంటే పున్నమినాడే. ముందు ఎర్రగా, కాస్త నలిగిన ముద్దలాగా వచ్చి, తర్వాత గుండ్రబడి, తర్వాత తెల్లబడ్డాడు. తమ్ముడు "లడ్డు" అన్నాడు. ఇంకా తిరుపతి పోలేదు, అప్పుడే ధ్యాస దాని మీద ఉంది.

ఒక్కటే బాధ. కొండకు పోయే మొక్కు. నీచు ముట్టకూడదు. ఊళ్ళో పట్టపోళ్ళు అలివి వల లాగుతుంటే మేమూ పోయి తాడు పట్టాం. రెండు వైపులా పాతికమంది, ఒక పాట, ఒక అడుగు వెనక్కి. వల ఒడ్డుకు చేరేసరికి కవ్వళ్ళూ కానగంతలూ ఇసక మీద వెండిలాగా ఎగిరెగిరి పడ్డాయి. తాడు పట్టినందుకు మాకు ఒక గంపెడు చేపలు వంతు పెట్టారు. నాయన ఆ గంప వంక చూసి, ఆకాశం వంక చూసి, పెద్దమ్మ చేతికిచ్చాడు. ఆ రాత్రి పెద్దమ్మ తన పొయ్యి మీద పులుసు పెట్టింది. మామిడికాయ ముక్కలు వేసిన పులుసు వాసన పున్నమి వెన్నెల్లో ఇల్లంతా తిరిగింది. మేం పెరుగన్నం తిన్నాం. చిన్నాయన రెండుసార్లు లేచి నీళ్ళు తాగే నెపాన వంటింటి వైపు పోయి వాసన చూసొచ్చాడు.

అందుకని తిరుగు ప్రయాణంలో మళ్ళీ అక్కడే దిగాం. అది ముందు అనుకున్నది కాదు, ఖర్చుకు లెక్క చూసుకున్నదీ కాదు. గూడూరు స్టేషన్లో నాయన ఉన్నట్టుండి "పెద్దమ్మకు ప్రసాదం ఇచ్చి పోదామా" అన్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. గుండ్లతో అందరం పెద్దమ్మ వసారాలో కూచుంటే ఆమె రాత్రి వండిన పులుసును ఆ రాత్రి వడ్డించలేదు. కుండ మీద మూకుడు బోర్లించి "పొద్దున" అంది. నెల్లూరు వైపు అంతే, చేపల పులుసు ఒక నిద్ర చేయాలి. అప్పుడే ముక్కలోకి పులుపు దిగుతుంది. మా చిన్నాయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అబద్ధం కాదు. పొద్దున ఆరు గంటలకు వేడన్నంలో ఆ చల్లటి పులుసు. దొరువు నీళ్ళతో కాచిన పులుసుకు అంత రుచని నాయన, మామిడికాయ వల్లని అమ్మ. ఆ వాదన తెగలేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటింది. రేడియోలో ఆ మాట వినగానే నాయన ఉత్తరం రాశాడు. నెల తర్వాత ఎవరి చేతనో రాయించి పెద్దమ్మ జవాబు పంపింది. తూర్పు వాలు పెంకులు సగం పోయాయి, తాళ్ళు పడ్డాయి, గోడలు నిలిచాయి. దిబ్బ వల్ల ఇల్లు మిగిలింది గానీ అల దొరువులోకి ఎక్కింది, నీళ్ళు నోట్లో పెట్టుకోలేకుండా ఉన్నాయి. నాయన ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. "మంచి వాన ఒకటి పడి ఇంకితే మళ్ళీ తీపెక్కుతుందిలే" అని మాతో అన్నాడు గానీ, ఆమెకే చెబుతున్నట్టుంది.

ఆ తర్వాత చదువులూ, ఉద్యోగాలూ, హైదరాబాదూ. మధ్యలో చెప్పుకోదగ్గదేం లేదు. నాయన 2011లో పోయాడు.

కొన్నేళ్ళ కిందట చెన్నై పోతూ ఒక రాత్రి సముద్రం దగ్గర ఆగుదామని మా పిల్లలు ఫోనులో రూము తీశారు. ఫొటోల్లో అన్ని మంచాలూ ఒక్కటే మంచం. తెల్ల దుప్పటి, దాని మీద హంసలాగా మడిచిన తువ్వాలు. "సీ వ్యూ" ఉన్న గదికి పదిహేను వందలు ఎక్కువ. తీసుకున్నాం. పేరు వద్దులెండి. పోయేసరికి రాత్రి. గోడంత అద్దం ఉంది, పరదా లాగితే చీకటీ, దానిలో మా మొహాలూ. అద్దం తలుపు పట్టాలు తుప్పుపట్టి, గాలి కోసం జానెడు తెరవబోతే తెరుచుకోలేదు. ఏసీ బయటి డబ్బా ఉప్పుగాలికి గుల్లై గుర్రుపెడుతోంది. ఎంత రుద్దినా సబ్బు నురగ రాలేదు, ఒంటిమీద జిడ్డు పోలేదు. పొద్దున అయిదున్నరకు సూర్యుడు తిన్నగా మంచమెక్కాడు. మన తీరంలో సీ వ్యూ అంటే తూర్పు మొహం అని ఆ ఫొటోలు పెట్టేవాళ్ళు ఎక్కడా రాయరు. మా ఆయన తువ్వాలు హంసను విప్పి మొహాన కప్పుకున్నాడు.

అప్పటినుంచి నేను ఫోను చేసి అడుగుతాను. మొన్న నెల్లూరు దగ్గర మైపాడు వైపు ఒకరికి చేశాను.

"నీళ్ళు ఎట్టా ఉంటాయి బాబూ?"

"ఆర్వో వాటర్ మేడమ్, రెండు బాటిళ్ళు ఫ్రీ."

"తూర్పు కిటికీకి ఎదురుగా పడమట కిటికీ ఉందా?"

"వాస్తు ప్రకారమే కట్టాం మేడమ్."

"ఇల్లు ఇసక దిబ్బకు ఇవతలా, అవతలా?"

అటువైపు కాసేపు మాటలేదు. "దిబ్బ తీసేశాం మేడమ్, వ్యూకి అడ్డమొస్తుందని" అన్నాడు.

ఒక ఉపయోగపడే మాట కూడా చెప్పనివ్వండి, లేకపోతే మా చిన్నాయన ఇరవై రూపాయలు లాగా ఇది కూడా నాలోనే ఉండిపోతుంది. చేపల కోసం పోయేవాళ్ళు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పోకండి. ఆ అరవై ఒక్క రోజులూ మరబోట్లు వేటకు పోకూడదు. దొరికేది చిన్న తెప్పల మీద వచ్చిందో, ఐసులో నిద్రపోయిందో. అదే రోజుల్లో ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడిపండ్ల బుట్టలు మాత్రం బారులు తీరి ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల భయం. నన్నడిగితే సంక్రాంతి దాటాక పొండి.

2023లో సంక్రాంతి దాటాకే నేనూ మా ఆయనా రామాయపట్నం పోయాం. 2022లో కందుకూరు వైపు ఊళ్ళన్నీ ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాకు మారాయి, అదే ఏడు పోర్టు పనులూ మొదలయ్యాయి. ఒంటెద్దు బండి పోయిన దోవలో రాళ్ళ లారీలు. తాడిచెట్లు అక్కడక్కడా ఉన్నాయి. పెంకుటిల్లు లేదు, అక్కడ స్లాబిల్లు ఉంది. పెద్దమ్మ ఎప్పుడో పోయింది. ఆమె తమ్ముడి కొడుకు ఉన్నాడు. నేనెవరో చెబితే మొదట తెలియలేదు. "గుండ్లతో వచ్చి పులుసు తిని పోయినోళ్ళు" అంటే తెలిసింది. మా అత్త ఆ మాట చెప్పుకుని నవ్వేది అన్నాడు. దొరువు చోటు చూపించాడు. సిమెంటు వరలు దించి పైన రేకు మూత వేశారు. మూత మీద సర్వి ఆకు మేటలు వేసి ఉంది. తాగటం మానేసి చాలా ఏళ్ళయిందంట.

వసారాలో కుర్చీలు వేసి, ఇరవై లీటర్ల క్యాను వంచి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చిచ్చాడు. మా ఆయన గటగటా తాగేశాడు. అతను నా వంకే చూస్తున్నాడు, కాస్త బెదురుగా.

"నీళ్ళేమన్నా తేడాగా ఉండాయా అక్కా?"

అప్పుడు తెలిసింది నాకు, రెండు బుగ్గలూ నింపుకుని, కళ్ళు మూసుకుని కూచుని ఉన్నానని.